సిక్స్త్ ఫామ్‌లో ఇంగ్లీష్ తీసుకోవాలా? తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ (పదహారేళ్ల తర్వాత రెండేళ్లు చదివే కోర్సు) ఇంగ్లీష్ పాఠాలు చెబుతున్నాను కాబట్టి, ఇయర్ 11 (పదిహేను, పదహారేళ్ల) పిల్లలు సబ్జెక్టులు ఎంచుకునే రోజుల్లో తెలిసిన తెలుగు కుటుంబాలు నన్ను కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఉన్నది ఇంగ్లండ్ పద్ధతి. వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో కూడా ఏ లెవెల్సే ఉన్నాయి కానీ, అక్కడ మొదటి ఏడాది రాసే ఏఎస్ పరీక్షల మార్కులు చివరి గ్రేడులో కలుస్తాయి. స్కాట్లండ్‌లో హయ్యర్స్ అని వేరే విధానం.

సిక్స్త్ ఫామ్ అంటే మన ఇంటర్మీడియట్ లాంటిదేనా?

వయసు వరకు అంతే. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇయర్ 12, ఇయర్ 13 చదువుతారు. ఇంగ్లీష్ విషయంలో మాత్రం చాలా తేడా ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ వాళ్లయినా బైపీసీ వాళ్లయినా ఇంగ్లీష్ పేపర్ రాయాల్సిందే. అందుకే మన ఇళ్లల్లో దాన్ని అసలు సబ్జెక్టుల పక్కన ఉండే పేపర్‌గానే చూస్తారు. ఇక్కడ అందరికీ తప్పనిసరి అయిన ఇంగ్లీష్ ఇయర్ 11 చివర రాసే జీసీఎస్ఈ పరీక్షలతో అయిపోతుంది. సిక్స్త్ ఫామ్‌లో పిల్లలు సాధారణంగా మూడే సబ్జెక్టులు చదువుతారు. ఆ మూడింటిలో ఇంగ్లీష్ ఒకటైతే దానికి మ్యాథ్స్‌కీ కెమిస్ట్రీకీ ఉన్నంత బరువే ఉంటుంది. యూనివర్సిటీ అడ్మిషన్లు చూసే యూకాస్ సంస్థ లెక్కించే పాయింట్లు కూడా సమానమే: ఏ స్టార్‌కి 56, ఏ గ్రేడుకి 48, బీకి 40. ఏ సబ్జెక్టులో వచ్చినా లెక్క ఒక్కటే.

ఇంగ్లీష్ ఏ లెవెల్ అంటే ఒకటేనా, రెండా?

మూడు. ఇంగ్లీష్ లిటరేచర్, ఇంగ్లీష్ లాంగ్వేజ్, రెండూ కలిసిన ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ లిటరేచర్. మూడూ వేర్వేరు కోర్సులు, వేర్వేరు సర్టిఫికెట్లు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జీసీఎస్ఈలో లాంగ్వేజ్ అంటే వ్యాసం రాయడం, పాసేజ్ చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం. ఏ లెవెల్ లాంగ్వేజ్ కూడా అలాగే ఉంటుందనుకుని చేరి, అక్టోబర్‌కల్లా బిత్తరపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. అది భాషాశాస్త్రానికి దగ్గరైన సబ్జెక్టు. పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారు, యాసలు ఎందుకు పుడతాయి, భాష కాలంతో ఎలా మారుతుంది అన్నవి అందులో పాఠాలు.

కలిపిన కోర్సును చాలామంది సగం సగం అనుకుంటారు. అదీ నిజం కాదు. భాషాశాస్త్రం ఇచ్చిన పనిముట్లతో సాహిత్యాన్నీ, సాహిత్యం కాని రాతలనూ చదవడం అందులో పని. పరీక్షలు పెట్టే బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏ కోర్సులో ప్యారిస్ నగరం గురించి రకరకాల మనుషులు రాసిన, మాట్లాడిన ముక్కల సంకలనం ఒకటి చదువుతారు. ఒకే ఊరిని గైడ్ పుస్తకం ఎలా చెబుతుంది, జ్ఞాపకాలు రాసుకున్న మనిషి ఎలా చెబుతాడు, ఎందుకు తేడా వస్తుంది అన్నది అక్కడ ప్రశ్న. పిల్లల్లో చాలామందికి ఈ కోర్సు బాగా నప్పుతుంది. అన్ని స్కూళ్లలో ఉండదు, ముందే కనుక్కోండి.

మూడింటిలో మా అమ్మాయికి ఏది సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

జీసీఎస్ఈ గ్రేడులను బట్టి తేల్చకండి. తన అలవాట్లు చూడండి. నవల మూసేశాక కూడా ఫలానా పాత్ర అలా ఎందుకు చేసిందని రెండు రోజులు మీతో వాదిస్తుందా? లిటరేచర్ పంపండి. టీవీలో ఎవరైనా మాట్లాడితే ‘వీళ్లది లివర్‌పూల్ యాస’ అని పట్టేస్తుందా, అమ్మమ్మ మాట్లాడే తెలుగుకీ మీరు మాట్లాడే తెలుగుకీ తేడా గమనిస్తుందా, లెక్కలూ డేటా అంటే భయం లేదా? లాంగ్వేజ్. రెండూ ఉంటే, కథల కంటే వాటిని చెప్పిన తీరు మీద ఆసక్తి ఎక్కువైతే, కలిపిన కోర్సు.

ఇంకొకటి చేయొచ్చు. బోర్డుల సైట్లలో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. మూడు కోర్సులవీ ఒక్కొక్కటి ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టండి. జవాబు రాయనక్కర్లేదు. ఏ ప్రశ్న చదివినప్పుడు తను ఆగి మళ్లీ చదువుతోందో చూస్తే చాలు. ఓపెన్ ఈవినింగ్‌లో విన్న గంట ప్రసంగం కంటే నాకు ఇదే నమ్మకం.

లిటరేచర్‌లో ఎన్ని పుస్తకాలు ఉంటాయి?

రెండేళ్లలో కనీసం ఎనిమిది. కవిత్వం, నవల, నాటకం మూడూ ఉండాలి. కనీసం మూడు పుస్తకాలు 1900కి ముందువి కావాలి, వాటిలో షేక్‌స్పియర్ నాటకం ఒకటి తప్పదు. 2000 తర్వాత వచ్చిన రచన ఒకటైనా ఉండాలి. వీటితో పాటు, ముందెప్పుడూ చూడని రచనను పరీక్ష హాల్లోనే చదివి రాసే ప్రశ్న ఉంటుంది. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం కాబట్టి ఏ బోర్డయినా పాటించాల్సిందే.

పద్యానికి అర్థం, సారాంశం రాస్తే మార్కులు రావా? మేం అలాగే చదువుకున్నాం.

రావు. ఈ ఒక్క ప్రశ్నకు కొంచెం ఓపిగ్గా జవాబు చెబుతాను. ఇది అర్థమైతే తక్కినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

‘ఒథెల్లో’ నాటకం మొదటి అంకం, రెండో రంగం తీసుకుందాం. ఒథెల్లో తన కూతురు డెస్డిమోనాను రహస్యంగా పెళ్లి చేసుకున్నాడని తెలిసి బ్రబాన్షియో మనుషులను వెంటేసుకుని రాత్రివేళ వీధిలోకి వస్తాడు. రెండు పక్షాల వాళ్లూ కత్తులు దూస్తారు. అప్పుడు ఒథెల్లో వాళ్లతో మెరిసే ఆ కత్తులు లోపల పెట్టండి, మంచుకు తుప్పు పడతాయి అంటాడు. వెంటనే బ్రబాన్షియో వైపు తిరిగి, మీ ఆయుధాల కంటే మీ వయసే మాకు ఎక్కువ ఆజ్ఞ అని గౌరవంగా చెబుతాడు.

సారాంశం రాసే విద్యార్థి ‘ఒథెల్లో గొడవ ఆపాడు, అతను శాంత స్వభావుడు’ అని రాసి తర్వాతి పాయింటుకు వెళ్లిపోతాడు. ఏ లెవెల్ విద్యార్థి అక్కడే కూర్చోవాలి. ఆ కత్తులు మెరుస్తున్నాయంటే అర్థం ఏమిటి? వాడని కత్తులే మెరుస్తాయి. యుద్ధాలు చేసి వచ్చిన సేనాని, వీధిలోకి వచ్చిన మనుషులను వాళ్లకు తెలియకుండానే తేల్చేశాడు. రక్తం గురించి మాట్లాడకుండా మంచు గురించి మాట్లాడడంలో భయం లేదన్న సంగతీ ఉంది, వినసొంపైన వాక్యం కట్టే నేర్పూ ఉంది. ఇంతకుముందు రంగమంతా, ఒథెల్లో కింద పనిచేస్తూ అతన్ని ద్వేషించే ఇయాగో ఇతని గురించి నీచంగా మాట్లాడాడు. ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, ‘మూర్’ (ఉత్తర ఆఫ్రికా మనిషి) అనే అన్నాడు. ఆ పేరు వేదిక మీద మొదటిసారి వినిపించేది మూడో రంగంలో, వెనిస్ డ్యూక్ నోట. కాబట్టి కత్తుల మాట వినేసరికి, ప్రేక్షకులు ఇయాగో నోట విన్న మనిషీ కళ్ల ముందున్న మనిషీ ఒకరేనా అని ఆలోచనలో పడతారు.

ఇక్కడితో ఆగదు. 1600ల తొలి ఏళ్ల లండన్ ప్రేక్షకుడికి ‘మూర్’ అన్న మాట వినగానే ఏం తోచేది? విమర్శకులు ఏమన్నారు? 1904లో ఏ.సి. బ్రాడ్లీ ఒథెల్లోను మోసపోయిన మహనీయుడిగా చూశాడు. 1937లో ఎఫ్.ఆర్. లీవిస్ కాదన్నాడు. తన గొప్పతనం తనకే ముద్దొచ్చే మనిషి ఇతను, పతనం లోపలి నుంచే వచ్చింది అని వాదించాడు. కత్తుల వాక్యం ఇద్దరికీ సాక్ష్యమే. నిబ్బరం అని ఒకరు చదవొచ్చు, సొంత మాటల మీద మోజు అని మరొకరు చదవొచ్చు. విద్యార్థి ఎటో ఒక వైపు నిలబడి, నాటకంలోని మాటలతో వాదించాలి. ఎగ్జామినర్ మార్కులు వేసేది ఆ వాదనకు.

దీన్నే అన్ని బోర్డులకూ ఒకేలా ఐదు అసెస్‌మెంట్ ఆబ్జెక్టివ్‌లుగా విడగొట్టారు, ఏఓ1 నుంచి ఏఓ5 వరకు: సొంత వాదనను పద్ధతిగా రాయడం, రచయిత అర్థాన్ని ఎలా కట్టాడో చూపడం, నేపథ్యం, వేరే రచనలతో సంబంధం, భిన్నమైన వ్యాఖ్యానాలు. పిల్లలు ఈ అంకెలు కంఠతా పట్టి, ప్రతి పేరాలో ఏఓ3 వచ్చిందా లేదా అని టిక్కులు పెట్టుకుంటుంటే నాకు బాధేస్తుంది. ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికితే ఐదూ వాటంతటవే వచ్చి చేరతాయి.

లాంగ్వేజ్ ఏ లెవెల్‌లో ఏముంటుందో ఒక ఉదాహరణ చెబుతారా?

రెండు చెబుతాను. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకు పిట్టలాంటి బొమ్మ ఒకటి చూపించి ‘ఇది వగ్’ అంది. అలాంటి మాట ఇంగ్లీష్‌లో లేదు. తర్వాత రెండు బొమ్మలు చూపించి ఇప్పుడు ఏమున్నాయని అడిగింది. పిల్లలు ‘వగ్స్’ అన్నారు, ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినకపోయినా. అంటే పిల్లలు విన్నది చిలకపలుకుల్లా అప్పజెప్పడం లేదు, తమకు తెలియకుండానే నియమాన్ని పట్టుకుంటున్నారు. మూడేళ్ల పిల్ల ‘వెంట్’ అనాల్సిన చోట ‘గో’కి ‘ఎడ్’ తగిలించి ‘గోడ్’ అంటే అది వెనకబాటు కాదు, నియమం దొరికిందనడానికి గుర్తు. పరీక్షలో పిల్లల సంభాషణ రాతరూపంలో ఇచ్చి ఇలాంటివి వెతికి వివరించమంటారు.

రెండోది యాసల గురించి. 1962లో విలియం లబోవ్ న్యూయార్క్‌లో ఖరీదైనది, మధ్యరకం, చవకది అని మూడు రకాల డిపార్ట్‌మెంట్ స్టోర్లకు వెళ్లి, ‘ఫోర్త్ ఫ్లోర్’ అన్న జవాబే వచ్చేలా దుకాణంలో ఫలానా సరుకు ఎక్కడుందని పనివాళ్లను అడిగాడు. వినబడనట్టు నటించి ఇంకోసారి చెప్పించాడు. ఆ రెండు మాటల్లో ‘ర’ పలుకుతున్నారా, మింగేస్తున్నారా అన్నదే అతనికి కావాలి. దుకాణం స్థాయి పెరిగేకొద్దీ ‘ర’ ఎక్కువగా వినిపించింది. ఉచ్చారణలో సమాజం మెట్లు కనిపిస్తాయని ఇంత తేలికగా చూపించిన పరిశోధన ఇంకొకటి నాకు తెలియదు.

ఏక్యూఏ కోర్సులో దీనికి తోడు పిల్లలు సొంతంగా ఒక పరిశోధన చేయాలి. డేటా కాకుండా రెండు వేల మాటలు. అది కాక సొంత రచన ఒకటి, దాని మీద వ్యాఖ్య ఒకటి, రెండూ కలిపి 1500 మాటలు.

ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పిల్లలకు ఈ సబ్జెక్టులో నష్టమా?

కాదు, లాభమే. ఈ జవాబు మీద నాకు అణుమాత్రం సందేహం లేదు. ఇంగ్లీష్ బాగా రావాలని ఇంట్లో తెలుగు ఆపేసిన తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి అలా చేయకండి.

షేక్‌స్పియర్ పాత్రలు ఒకరినొకరు ఒకసారి ‘దౌ’ అనీ ఒకసారి ‘యూ’ అనీ పిలుచుకుంటాయి. ఎప్పుడు మారుతున్నాయో చూస్తే కోపం, చనువు, చులకన బయటపడతాయి. ఇంగ్లీష్ ఒక్కటే వచ్చిన పిల్లలకు దీన్ని వేరే పాఠంగా చెప్పాలి. ‘మీరు’ అని పిలిచే మనిషిని కోపంలో ‘నువ్వు’ అనేస్తే ఏమవుతుందో తెలుగింటి పిల్లలకు ఒంట్లోనే ఉంటుంది.

లాంగ్వేజ్‌లో అయితే ఇంకా ఎక్కువ. కశ్మీర్ నుంచి వచ్చిన భాషావేత్త బ్రజ్ కచ్రు 1985లో ప్రపంచ ఇంగ్లీషులను మూడు వలయాలుగా చూపించాడు. ఇండియా రెండో వలయంలో ఉంది: ఇంగ్లీష్ మాతృభాష కాకపోయినా, ఆఫీసుల్లో కోర్టుల్లో చదువుల్లో పాతుకుపోయిన దేశాలు. ఇది సిలబస్‌లో తరచూ వచ్చే సిద్ధాంతం. ‘ప్రీపోన్’, ‘ఔట్ ఆఫ్ స్టేషన్’, ‘కజిన్ బ్రదర్’ లాంటి మాటలు విన్న పిల్లలకు అది పుస్తకంలోని బొమ్మలా కాక, నాన్న ఫోన్‌లో మాట్లాడే ఇంగ్లీష్‌లా అర్థమవుతుంది.

సొంత పరిశోధనకు కూడా ఇల్లే ప్రయోగశాల కావొచ్చు. ‘హోంవర్క్ సబ్మిట్ చేశావా?’, ‘ఫోటోలు అప్‌లోడ్ చేశా’ అని మనం రోజంతా అంటాం. ఇంగ్లీష్ క్రియ వచ్చిన ప్రతిచోటా పక్కన ‘చేయి’ వచ్చి కూర్చుంటుంది. అన్నాచెల్లెళ్లు తమలో తాము పూర్తిగా ఇంగ్లీష్‌లో మాట్లాడుకుంటూ, అమ్మ గదిలోకి రాగానే ఏ మాట దగ్గర తెలుగులోకి మారుతున్నారు అన్నది మంచి ప్రశ్న. అయితే పరిశోధన కేంద్రంలో ఇంగ్లీషే ఉండాలి కాబట్టి టీచర్‌తో ముందు మాట్లాడాలి. రికార్డు చేసే ప్రతి ఒక్కరి అనుమతీ తీసుకోవాలి, ఇంట్లో వాళ్లదైనా సరే. రాతలో పేర్లు మార్చాలి.

బోర్డును మేం ఎంచుకోవచ్చా?

లేదు, స్కూలు ఎంచుకుంటుంది. ఏక్యూఏ, ఓసీఆర్, పియర్సన్ ఎడెక్సెల్, ఎడ్యుకాస్ అన్నీ ఒకే ప్రమాణంలో ఉండాలి. ఏది సులువన్న ప్రశ్నకు అర్థం లేదు. కానీ ఏ బోర్డు అన్నది మాత్రం అడగండి, ఎందుకంటే పుస్తకాలూ, పరీక్ష హాల్లో పుస్తకం ఉంటుందా లేదా అన్నదీ దాన్ని బట్టే. ఒకే బోర్డులో రెండు లిటరేచర్ కోర్సులు ఉండడమూ ఉంది. ఏక్యూఏలో ‘ఏ’ అనే కోర్సు ప్రేమ అన్న విషయాన్ని శతాబ్దాల పొడవునా చదివిస్తుంది. ‘బీ’ కోర్సు ట్రాజెడీ, కామెడీ, క్రైమ్ లాంటి రచనా రకాల చుట్టూ తిరుగుతుంది.

పరీక్షలు, కోర్సువర్క్ ఎలా ఉంటాయి?

2015లో మొదలైన కొత్త పద్ధతిలో పరీక్షలన్నీ ఇయర్ 13 చివర, వేసవిలోనే. మూడు కోర్సుల్లోనూ 80 శాతం రాతపరీక్ష, 20 శాతం కోర్సువర్క్. కోర్సువర్క్‌ను ఇప్పుడు ఎన్‌ఈఏ అంటున్నారు. ఏక్యూఏ లిటరేచర్ ‘ఏ’ కోర్సునే తీసుకుంటే: మొదటి పేపర్ మూడు గంటలు, రెండోది రెండున్నర గంటలు, ఒక్కోదానికి 75 మార్కులు. ఎన్‌ఈఏ 2500 మాటల వ్యాసం, 50 మార్కులు. ఇద్దరు వేర్వేరు రచయితల పుస్తకాలను పోల్చి రాయాలి, ఒకటి 1900కి ముందుది కావాలి.

పుస్తకం తీసుకెళ్లే పేపర్లలో కూడా ఏ రాతలూ లేని ప్రతినే ఇస్తారు, మార్జిన్ నోట్స్ పనికిరావు. తీసుకెళ్లనివ్వని పేపర్లలో కోట్స్ గుర్తుండాలి. దానికి భయపడి పేజీలకు పేజీలు బట్టీ పట్టనక్కర్లేదు. మూడు నాలుగు మాటల చిన్న కోట్స్, నాటకంలో వేర్వేరు చోట్ల నుంచి ఏరుకున్నవి, వాటి గురించి చెప్పడానికి ఏదైనా ఉన్నవి చాలు.

కోర్సువర్క్‌లో మేం సాయం చేయొచ్చా? ట్యూటర్‌ను పెట్టొచ్చా? చాట్‌జీపీటీ?

మాట్లాడొచ్చు, రాయకూడదు. పిల్లవాడు చదువుతున్న నవల మీరూ చదివి భోజనాల దగ్గర వాదించండి. అంతకంటే మంచి సాయం లేదు. కానీ వాక్యాలు దిద్దడం, పేరాలు రాసివ్వడం మాల్‌ప్రాక్టీస్ కిందికి వస్తుంది. ట్యూటర్‌కూ అదే నియమం. ఏఐ రాసిన దాన్ని సొంతదని ఇవ్వడమూ అంతే. ఇదంతా నా సొంత పనే అని విద్యార్థి సంతకం పెట్టి ఇస్తాడు. అది అబద్ధమని తేలితే ఆ సబ్జెక్టే పోవచ్చు. టీచర్లకు పిల్లల రాత రెండేళ్లుగా తెలుసు, ఉన్నట్టుండి గొంతు మారితే మాకు తెలుస్తుంది.

ట్యూటర్ అవసరమా అంటే, చాలామందికి అవసరం లేదు. ఆ డబ్బుతో పిల్లలను ఒక్కసారైనా నాటకానికి తీసుకెళ్లండి. షేక్‌స్పియర్‌ను చదివి విసుక్కున్న పిల్లలు వేదిక మీద చూశాక మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మా అబ్బాయికి జీసీఎస్ఈలో 9 (అన్నిటికంటే పై గ్రేడు) వచ్చింది. ఇయర్ 12 మొదటి వ్యాసానికి డీ ఇచ్చారు. ఒకటే టెన్షన్.

టెన్షన్ వద్దండి. ఇది చాలా మామూలు. జీసీఎస్ఈలో టీచర్లు పేరా కట్టడానికి ఒక అచ్చు ఇస్తారు: పాయింట్, కోట్, వివరణ. ఏ లెవెల్‌లో ఆ అచ్చు పని చేయదు, వాదన మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నడవాలి. పాత పద్ధతి వదులుకోవడానికి ఒక టర్మ్ పడుతుంది. క్రిస్మస్ తర్వాత కూడా కదలిక లేకపోతే అప్పుడు టీచర్‌ను కలవండి. టీచర్ రాసిన కామెంట్స్ చదివి, అదే వ్యాసంలో ఒక్క పేరా తిరగరాసి చూపించమని అబ్బాయికి చెప్పండి. కొత్త వ్యాసాలు పది రాయడం కంటే దీనివల్లే ఎక్కువ బాగుపడతారు.

నెమ్మదిగా చదివే పిల్లలకు కష్టమా?

నెమ్మదిగా చదవడం ఈ సబ్జెక్టులో లోపం కాదు. చదవకపోవడం లోపం. పెద్ద నవలలను వేసవి సెలవుల్లోనే ఒకసారి చదివేస్తే ఏడాదంతా హాయి. ఆడియోబుక్ వింటూ పుస్తకంలో చూసుకుంటే చాలామందికి సులువవుతుంది. సినిమా చూసి పుస్తకం చదివామనుకోవడం మాత్రం పరీక్షలో దొరికిపోతుంది.

మా అమ్మాయి ఇండియాలో పదో తరగతి చదివి ఇప్పుడే వచ్చింది. నేరుగా చేరవచ్చా?

చేరవచ్చు, కానీ అది స్కూలు నిర్ణయం. ఇక్కడి పిల్లలకు సాధారణంగా జీసీఎస్ఈ ఇంగ్లీష్‌లో 5 గానీ 6 గానీ అడుగుతారు. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు పదో తరగతి మార్కులు చూసి, తరచూ ఒక వ్యాసం రాయించి తేలుస్తారు. ఏ లెవెల్స్‌తో పాటు జీసీఎస్ఈ ఇంగ్లీష్ లాంగ్వేజ్ కూడా రాయమనొచ్చు. కాదనకండి, తర్వాత యూనివర్సిటీలూ ఉద్యోగాలూ ఆ గ్రేడు అడుగుతాయి.

నా సలహా ఏమిటంటే, తనకు సాహిత్యం మీద నిజంగా ఇష్టం ఉంటేనే మొదటి ఏడాదే ఇందులోకి దిగాలి. ఇక్కడి పిల్లలు అప్పటికే రెండేళ్లు షేక్‌స్పియర్‌తో గడిపి వస్తారు. ఇష్టం ఉంటే ఆ దూరం దాటొచ్చు. మీ ఇష్టం మాత్రమే అయితే దాటడం కష్టం.

సైన్స్‌తో కలిపి తీసుకోవచ్చా? మెడిసిన్‌కు అడ్డు వస్తుందా?

తీసుకోవచ్చు. మెడిసిన్‌కు చాలా యూనివర్సిటీలు కెమిస్ట్రీ, దాంతో బయాలజీయో మరో సైన్సో అడుగుతాయి. మూడోది ఇంగ్లీష్ కావడానికి చాలా చోట్ల అభ్యంతరం ఉండదు. అయినా మీరు అనుకుంటున్న యూనివర్సిటీల సైట్లు చూశాకే తేల్చుకోండి. ఇంజనీరింగ్‌కు మ్యాథ్స్, చాలాసార్లు ఫిజిక్స్ కావాలి, మూడోది మీ చేతిలో ఉంటుంది. లాకు ఫలానా సబ్జెక్టే కావాలన్న నియమం సాధారణంగా లేదు. కొన్ని యూనివర్సిటీలు పెట్టే ఎల్‌నాట్ పరీక్షలో గడ్డు పాసేజ్‌లు చదివి వాదన పట్టుకోవడం, వ్యాసం రాయడం ఉంటాయి. ఈ పిల్లలు రోజూ చేసేది అదే.

యూనివర్సిటీలో ఇంగ్లీష్ లిటరేచర్ డిగ్రీ చేయాలంటే చాలా చోట్ల ఏ లెవెల్ లిటరేచర్ లేదా కలిపిన కోర్సు కావాలి. ఒక్క లాంగ్వేజ్ తీసుకున్నవాళ్లకు కొన్ని తలుపులు మూసుకుపోతాయి. ఇది ముందే తెలిసుండాలి.

ఇంగ్లీష్ చదివితే ఉద్యోగం ఏముంటుందండీ?

ఈ ప్రశ్న వెనక ఉన్న భయం నాకు తెలుసు. ఎన్నో లెక్కలు వేసుకుని దేశం దాటి వచ్చాం, పిల్లల దగ్గర ప్రయోగాలు చేయలేం. ఇది మన ఒక్కరి భయమే కాదు. 2022లో ఇంగ్లీష్ లిటరేచర్ తొలిసారి ఇక్కడ ఎక్కువమంది రాసే పది ఏ లెవెల్స్‌లోంచి జారిపోయింది. ఇంగ్లీషువాళ్లూ ఇదే లెక్క వేసుకుంటున్నారు.

లా, టీచింగ్, జర్నలిజం, పబ్లిషింగ్, సివిల్ సర్వీస్ అందరికీ తెలిసినవే. మన వాళ్లు తక్కువగా విన్నది ఒకటి చెబుతాను: స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపీ. మాట ఆలస్యమైన పిల్లలతో, పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దవాళ్లతో పని చేసే వృత్తి. ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో ఉద్యోగాలుంటాయి, డిగ్రీ చేసి రిజిస్టర్ కావాలి. ఏ లెవెల్ లాంగ్వేజ్‌లో పిల్లలు మాట నేర్చుకునే పాఠం నచ్చినవాళ్లు దీని గురించి తప్పకుండా తెలుసుకోవాలి. రెండు భాషలు వచ్చిన థెరపిస్టు రెండు భాషలున్న ఇంటికి ఎంత పనికొస్తారో చెప్పక్కర్లేదు. కంప్యూటర్లకు భాష నేర్పే రంగంలోనూ భాషాశాస్త్రం చదివినవాళ్లకు పని ఉంది. దానికి మ్యాథ్స్ కూడా తోడుంటే మంచిది.

ఈ పుస్తకాల్లో సెక్స్, హింస, జాతివివక్ష ఉంటాయట కదా?

ఉంటాయి. ‘ఒథెల్లో’లోనే మూడూ ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్లలకు ఇవి కొత్త విషయాలు కావు. వాటి గురించి పెద్దల మధ్య కూర్చుని ఆలోచించి మాట్లాడడమే కొత్త. మన రంగు చర్మమున్న పిల్లలకు క్లాసులో జాతివివక్ష మాటలు పైకి చదవడం ఒక్కోసారి కష్టంగా ఉంటుంది. అలా అనిపిస్తే టీచర్‌కు చెప్పమనండి, చెప్పడం తప్పు కాదు. మీరు ఒకసారి పుస్తకాల జాబితా అడిగి చూసుకోండి. నచ్చలేదని పిల్లలను సబ్జెక్టు మాన్పించడం కంటే, మీరూ చదివి మీ అభిప్రాయం వాళ్లకు చెప్పడం నయం.

ఖర్చెంత?

ఇక్కడ ఉండి చదివే హక్కున్న పిల్లలకు ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌లో ఫీజు లేదు. పుస్తకాలు చవక ఎడిషన్లలో, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కానీ ముందు స్కూల్లో అడగండి, ఏ ఎడిషన్ కావాలో చెబుతారు, చాలాసార్లు వాళ్లే ఇస్తారు. ఆదాయం తక్కువైన ఇళ్లకు 16 నుంచి 19 బర్సరీ అనే ఆర్థిక సాయం ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి.

రిజల్ట్స్ వచ్చాక గ్రేడు తక్కువ అనిపిస్తే ఏం చేయాలి?

ఫలితాలు ఆగస్టు మధ్యలో, గురువారం వస్తాయి. గ్రేడు మీద సందేహముంటే స్కూలు ద్వారా ముందు జవాబు పత్రం కాపీ తెప్పించుకోవచ్చు. టీచర్ చూసి మార్కింగ్‌లో పొరపాటు ఉందంటే అప్పుడు రివ్యూ అడగాలి. రివ్యూలో మార్కులు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు, అందుకే విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే స్కూలు పంపుతుంది. యూనివర్సిటీ సీటు ఆ ఒక్క గ్రేడు మీద ఆగి ఉంటే ప్రయారిటీ రివ్యూ అని ఉంటుంది, దాని గడువు చాలా తక్కువ. ఆ గురువారం ఉదయమే స్కూలుకు వెళ్లి ఎగ్జామ్స్ ఆఫీసర్‌ను కలవండి, యూనివర్సిటీకి కూడా ఆ రోజే ఫోన్ చేయండి. ఫోన్ విద్యార్థే చేయాలి, తల్లిదండ్రులు చేస్తే యూనివర్సిటీవాళ్లు సాధారణంగా మాట్లాడరు.